నిలిచే అతుకు

నారాయణరావు ఎప్పుడూ పెళ్లాం ఎడమపక్కనే కూర్చుంటాడు. ఉమామహేశ్వరికి ఆ చెవి వినబడదు కనుక అటునుంచి ఏమన్నా చెల్లిపోతుంది. టెక్కలిలో డాక్టరు సుష్మ గదిలో కూడా ఆ కుర్చీయే చూసుకున్నాడు. ఆమె అత్తగారు పెద్దతల్లి కుడిపక్క చేరింది.

“కర్ణభేరికి చిల్లు పెద్దదే. కిందటిసారి కణత కండ మీది పల్చటి పొర తీసి అతికించారు. అది నిలవలేదు,” అంది సుష్మ.

ఎందుకు నిలవలేదో ఉమామహేశ్వరికి తెలుసు. ఆపరేషనైన తొమ్మిదో రోజు మార్గశిర లక్ష్మివారం. ముత్తైదువు తలస్నానం చేయకపోతే ఇంటికి అరిష్టమని పెద్దతల్లి స్వయంగా నాలుగు చెంబులు నెత్తిన గుమ్మరించింది. లక్ష్మి వచ్చిందో లేదో గానీ చీము వచ్చింది. ఇప్పుడు కుడిచెవిలోనూ హోరు మొదలైంది. పాలు పొంగాయని వాసన వస్తే గాని తెలియడం లేదు. ఈసారి వేసే అతుకూ పోతే ఇక రెండు చెవులూ లేనట్టే.

“బయట దేశంది, మాంచి రకం ఏటుంటే అదే యెయ్యండి మేడమ్,” అన్నాడు నారాయణరావు. రెండుసార్లు సర్పంచి ఎన్నికల్లో ఓడినా, యాభై నాలుగేళ్లొచ్చినా, ఫ్లెక్సీల్లో ఇంకా యువనేతే.

“మనిషి ఒంట్లోదే బాగా అతుకుతుందండీ.”

“అయితే మా పాలేరు వరహాలు బయటే ఉన్నాడు. గట్టి ఒళ్లు. ఆడి సెవిలోంచి రవ్వంత తీసుకోండి. కాదనడు.”

సుష్మ పెన్ను కింద పెట్టింది. “ఈవిడ ఒంట్లోదే అంటున్నాను.”

వరహాలు చేత జీడిపిక్కలు ఏరించాడు, జెండాలు మోయించాడు, తల్లికి కాళ్లు పట్టించాడు. ఇక చెవి ఒక్కటే మిగిలింది, అనుకుంది ఉమామహేశ్వరి.

సుష్మ ఆమెకేసి తిరిగి నెమ్మదిగా చెప్పింది. “మళ్లీ ఆ పొరే వేయొచ్చు. లేదా చెవి రంధ్రం ముందు బుడిపె ఉంది చూడండి, దాని వెనక నుంచి మెత్తటి ఎముక ముక్క తీసి, పల్చగా చెక్కి వేస్తాను. మీలాంటి చిల్లుకి అదే గట్టిగా నిలుస్తుంది. వినికిడిలో పెద్ద తేడా ఉండదు. గాటు పైకి కనబడదు.”

“సెవి కొయ్యడమేటమ్మా?” అంది పెద్దతల్లి. “పేరంటానికెళ్తే తెగిన సెవిదని నవ్వరా? ఆ కణత కాడే తియ్యండి.”

కిందటిసారి కణత దగ్గర రెండు వేళ్ల మేర జుట్టు గీసినందుకు, ముత్తైదువుకి గొరుగుడేటని ఆరు నెలలు సణిగింది ఈ నోరే.

“మీరేమంటారమ్మా?” అంది సుష్మ.

“అమ్మ సెప్పినట్టే మేడమ్,” అన్నాడు నారాయణరావు.

ఉమామహేశ్వరి కుర్చీ ముందుకి జరుపుకుంది. “ఎముకే తియ్యండి డాక్టరమ్మా. సెవి నాది. నాకు నిలిసేదే కావాల.”

“సరే. ఆరు వారాలు చెవిలో చుక్క నీరు పడకూడదు మరి.”

పెద్దతల్లి వేళ్లు మడిచింది. “ఆరు వారాలా? మద్దిలో మార్గశిరం లచ్చివారాలన్నీ వొచ్చేత్తాయి గదే.”

“నా వంతు నాలుగు సెంబులూ మీరే పోసుకోండత్తా. పున్నెం ఎక్కడికీ పోదు.”

ఎడమపక్క నుంచి నారాయణరావు ఏదో అన్నాడు. గట్టిగానే అన్నట్టున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. కుడిచెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్న ఆమెకి ఒక్క ముక్కా వినబడలేదు. ఇంకో ఆరు వారాలు ఈ సుఖం మిగిలే ఉందిలే అనుకుని, సంతకం చేయాల్సిన కాగితం ముందుకి లాక్కుంది.