ఊరుకోమన్న మాట

ఆ శనివారం తెల్లారేసరికే ఆకాశం ముసురు పట్టింది. కురిసేది లేదు, విడిచేది లేదు. దుక్కి తడపని, బట్టలు ఆరనివ్వని వాన. బోయిగూడ మేడల మీద మబ్బు తడిగోనె కప్పినట్టు ఆనుకుని ఉంది. వాసు లేచి మూడు గంటలైనా ఒంట్లో ఇంకా ఏదీ లేచినట్టు లేదు. చాన్నాళ్లుగా అతనికి అంతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన రోజూ అంతే, జీతం పెరిగిన రోజూ అంతే.

కంప్యూటర్ ముందు అతని పక్కనే జకర్యా కూర్చున్నాడు. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు, ఒకప్పుడు వాసు వాళ్ల బ్యాండులో డ్రమ్స్ వాయించినవాడు.

ఏడేళ్ల కిందట ఆ క్వార్టర్స్‌లోనే కిటికీలకు దుప్పట్లు కట్టి ఇద్దరూ, ఇంకో ఇద్దరూ కలిసి రెండు క్యాసెట్లు చేశారు. మెటల్ సంగీతమే గాని ఉరుకులుండవు. బరువైన గిటార్లు, ఎద్దు బురదలో కాలు తీసి కాలు వేసినట్టు నడిచే డ్రమ్స్, అడుగున వదలని దిగులు. వందమంది కూడా విని ఉండరు. ఇప్పుడు బెంగళూరులో ఓ చిన్న కంపెనీవాళ్లు ఆ తొలినాటి పాటలు తొమ్మిదీ కలిపి సీడీ వేస్తామన్నారు. డిస్కూ, కాగితాలూ ఆ మధ్యాహ్నం కొరియర్‌లో పోవాలి. అన్నీ సిద్ధమే, ఒక్క సంతకం తప్ప.

మొదటి పాటకు ముందు నలభై సెకన్లు ఒక ఆడమనిషి ఏడుపు ఉంది. ఆవిడెవరో ఆవిడ సంతకం కావాలని రాశారు కంపెనీవాళ్లు.

ఆవిడ వంటింట్లో చేపలు కడుగుతోంది.

"అమ్మకు చెప్పినవా, లేదా?" అన్నాడు జకర్యా.

"లేదు."

"ఏడేండ్లాయె. ఏం మనిషివిరా? దొంగతనం గిట్ల జేసినవా?"

దొంగతనమే అనుకున్నాడు వాసు. తండ్రి కన్నారావు రైల్వేలో ఫిట్టరు. గుండె ఆగి పోయిన రోజు ఈ ఇంటి ముందే పడుకోబెట్టారు. తల్లి అప్పలకొండమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. ఆ వైపు ఆడవాళ్లు పోయినవాడితో మాట్లాడుతూ, రాగం తీస్తూ శోకం పెడతారు. ఆమె పెట్టింది. వాసుకు మాత్రం ఏడుపు రాలేదు. ఏం చెయ్యాలో తెలియని చేతులు భుజాన సంచిలో ఉన్న టేప్‌రికార్డర్ మీట నొక్కాయి. కాసేపటికి అవే ఆపేశాయి.

"ఆ ముక్క తీసేద్దాం," అన్నాడు.

"తీస్తే ఏముంటది? తలకాయ లేని చేప. నువ్ చెప్పవు గాని..." అంటూ జకర్యా మౌసు నొక్కేశాడు.

*తెల్లారి డూటీకెల్లాలంటివి, కేరేజీ కట్టి ఉంచితి, ఎవులికియ్యను మావో...*

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అప్పలకొండమ్మ చేపల చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఎవుల్రా పోనారు?"

"ఎవరూ పోలేదమ్మా."

"మరి సావులేని ఇంట్లో సోకమేట్రా? ఆపండెహె, అరిష్టం..."

ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. తల పక్కకు వంచి వింది. గిటారు మొదలయ్యే చోట జకర్యా ఆపాడు.

"నానే గదేటి."

"నువ్వే."

"నానేడుస్తుంటే నువ్విది పట్టుకున్నావా?"

"ఊఁ."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"మల్లీ ఎయ్యి."

రెండోసారి పక్కవీధి మనిషి ఏడుపు విన్నట్టు వింది. "తరవాతేది? ఇంకా ఉండాల."

"అంతే. నేను ఆపేశాను."

"మద్దిలోనా?" అప్పలకొండమ్మ గుమ్మానికి ఆనుకుంది. "సోకం పెట్టినోల్లకి ఒకలు సెయ్యట్టుకుని ఊరుకో అనాల్రా. గుక్కెడు నీల్లియ్యాల. అప్పుడే అది అయినట్టు. అయితే ఏడేల్ల నుంచీ ఇది ఈ పెట్టిలో ఏడస్తానే ఉన్నాదన్నమాట. ఊరుకోమన్నోలే లేరు."

"ఆ రోజు నిన్నెవరు ఊరుకోమన్నారు?"

"ఈ ఊర్లో మనోలెవులు, అనడానికి? కుళాయొచ్చినాదని ఎవులో అరిసినారు. మీ నాన్నకి తానం సెయించాల గదా. నానే లేసాను."

వాసు ఆ రోజు అక్కడే ఉన్నాడు, రెండడుగుల దూరంలో. ఆ సంగతి ఆమె అనలేదు.

జకర్యా కాగితం చూపించాడు. "జెర ఇక్కడ సంతకం పెట్టు ఆంటీ."

"పెడతాను. ముందు దాన్ని ఊరుకోమను, వాసూ."

"అది పాత పాట ఆంటీ. ఎట్లున్నదో అట్లనే పంపాలె. కొత్త మాట కలిపితే వాళ్లు ఒప్పుకోరు."

"అయితే నా ఏడుపు పంపకండి."

జకర్యా వాసు వైపు చూశాడు. వాసు కంప్యూటర్ పక్కనున్న మైకు దగ్గరికి లాక్కున్నాడు. మీట నొక్కింది ఈసారి తనే, ఎరిగి నొక్కాడు.

"ఊరుకో అమ్మా. నీళ్లు తాగు."

"ఏందిరా, క్లయింటుతోని మాట్లాడినట్టున్నది," అన్నాడు జకర్యా. "జెర మంచిగ అను."

మళ్లీ అన్నాడు. మళ్లీ అలాగే వచ్చింది. కన్ను తడవలేదు. లోపల వెతికితే ఏమీ చేతికి తగల్లేదు.

"సాల్లే," అంది అప్పలకొండమ్మ. "అన్నాడు గదా."

ఏడుపు చివర, గిటారుకు ముందు, జకర్యా ఆ మాట అతికించాడు. "కంపెనీవాళ్లు వద్దంటే?" అన్నాడు.

"మిగతా ఎనిమిదే వేసుకోమందాం," అన్నాడు వాసు.

లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె ఎత్తి పోసుకుని చుక్క మిగలకుండా తాగింది. అప్పుడు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది. పేరు పక్కన ఒక చేప పొలుసు అంటుకుంది. ఎవరూ దులపలేదు.

బయట అదే ముసురు. కొరియర్ వేళకు ఇంకా గంటుంది. ముగ్గురూ వంటింట్లో నేల మీద కూర్చున్నారు. అప్పలకొండమ్మ చేపల పులుసు వడ్డించింది. తలకాయ ముక్క జకర్యాకు వేసింది. వాసు కంచంలో ముల్లు తక్కువ ముక్క చూసి వేసింది. అన్నం అయిపోయేదాకా కంచాలకు వేళ్లు తగిలే చప్పుడే వినబడింది.