ఇటుకలో దాగిన చక్రం

పాతికేళ్ల కిందట ఎల్బీనగర్‌లోని ఓ పాలిటెక్నిక్ కాలేజీకి వస్తువుల నమూనాలు చేసే మిషను ఒకటి వచ్చినప్పుడు, దాని దుమ్ము తుడవడానికని యాదలక్ష్మిని అటెండరుగా పెట్టారు. సార్లు ఎందరో వచ్చారు, ఎందరో పోయారు. ఆమె మాత్రం ఆ ల్యాబులోనే పాతుకుపోయింది. ప్లాస్టిక్ తీగ కరిగించి బొమ్మలు చేసే ప్రింటర్లు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో కూడా కనిపిస్తున్నాయి. వాటన్నిటికీ తాత ఇది. కాగితం మీద కాగితం అతికిస్తూ, ఒక్కో పొరనూ బ్లేడుతో కోస్తూ, బతుకమ్మను పేర్చినట్టు వస్తువును పేరుస్తుంది.

అలాంటిదాన్ని తుక్కుకు అమ్మేస్తారట! యాదలక్ష్మి ఊరుకోలేదు. ఆమె బతిమాలగా బతిమాలగా ప్రిన్సిపాల్ ఇందిరాదేవి ఒక్క మాట అన్నారు: ఒక నమూనా సరిగ్గా చేసి చూపిస్తే మిషను ఉంటుంది, లేదంటే తుక్కు ఆటో ఎక్కుతుంది. కొత్త లెక్చరర్ ఉపేంద్ర, నీళ్ల మోటారులో తిరిగే రెక్కల చక్రం డ్రాయింగు దానికి ఎక్కించాడు.

రెండు రోజులు గరగరమంటూ నడిచి మిషను ఆగింది. ఇందిరాదేవి ముందు దాని తలుపు తీస్తే ఏముంది? చక్రమూ లేదు, గిక్రమూ లేదు. ఇటుకలాంటి కాగితపు దిమ్మ!

"ఇటుక చేసి పెట్టిందండీ మేడమ్," అని నవ్వుతూ ఉపేంద్ర దాన్ని చెత్తబుట్టలో వేయబోయాడు.

"అయ్యో, జర ఆగుండ్రి సార్! చక్రం లోపలున్నది," అంటూ యాదలక్ష్మి దిమ్మను లాక్కుంది.

"నీకేం తెలుసు యాదలక్ష్మీ? ఆటోవాడు వచ్చేశాడు," అన్నారు ఇందిరాదేవి. గేటు దగ్గర హారన్ మోగుతూనే ఉంది.

యాదలక్ష్మి కొంగు బిగించి, సన్న ఉలితో దిమ్మ మూలను తట్టింది. అగ్గిపెట్టెంత ముక్క ఊడిపడింది. అక్కరలేని కాగితాన్ని మిషను ముందే గళ్లుగా కోసి పెడుతుంది, ఒలుచుకోవడం మనిషి పని. ఆ సంగతి పాత సార్లతోపాటే పోయింది, వాళ్ల పక్కన కూర్చుని ఒలిచిన ఆమె వేళ్లలో మాత్రం మిగిలింది. ఒక్క రెక్క విరిగినా అంతే సంగతులు! ముక్క తర్వాత ముక్క రాలింది. వంపు తిరిగిన ఆరు రెక్కలూ చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

ఉపేంద్ర చక్రాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. నవ్విన ముఖం చిన్నబోయింది. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేమ్మా?"

"ఎవ్వరన్న అడిగిన్రా సార్?"

ఇందిరాదేవి చక్రాన్ని అందుకుని చూశారు. తర్వాత, "రేపు పిల్లలకు ఈ పాఠం మీరే చెప్పాలి, యాదలక్ష్మిగారూ," అన్నారు.

హారన్ మళ్లీ మోగింది. యాదలక్ష్మి కిటికీ రెక్క తోసి, గేటు దాకా వినబడేలా అరిచింది.

"పో బిడ్డా, పో! ఈడ పాత సామాను ఏం లేదు!"