ఎలాగూ వెళ్తున్నావుగా

“ఎలాగూ వెళ్తున్నావుగా హారతీ, పాలు కూడా పట్రామ్మా” అన్నారు అత్తగారు, నేను చెప్పులేసుకుంటుంటే.

అంతటితో నా పొద్దుటి నడక ముగిసింది. కాలవగట్టు మీద ఎవరికోసమూ కాకుండా కాసేపు నడవాలని మొదలుపెట్టాను. అది పాలపని అయిపోయింది. తర్వాత మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక కాస్త పేపరు చదవడం అలవాటు చేసుకున్నాను. “ఎలాగూ చదువుతున్నావుగా, నాకూ వినిపించు” అన్నారావిడ. వినిపించాను. రాశిఫలాలు, ఊళ్ళో పోయినవాళ్ళ వార్తలు మాత్రమే. నేను ఏ చిన్న అలవాటు చేసుకున్నా, నాలుగు రోజులు తిరక్కుండా అది ఈ ఇంట్లో ఎవరికో చెయ్యాల్సిన పనిగా మారిపోతుంది. కోపం తెచ్చుకుందామంటే, అడిగేవాళ్ళు ప్రేమగానే అడుగుతారు.

అందుకే హిందీ నేర్చుకుంటున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. కడియంలో మాది చిన్న నర్సరీ. రోజూ గులాబీ మొక్కలకి నీళ్ళు పెడుతూ, ఫోన్లో పాఠం వింటూ, ఒక్కో మాటా మొక్కలకే అప్పజెప్పేదాన్ని. పక్క నర్సరీ రూబీ ఒక్కతే పసిగట్టింది.

“ఉత్తరాది ఫోన్లు చూసే మనిషి కావాలి వదినా. వచ్చి మా ఆఫీసులో కూర్చో, జీతమిస్తాం” అంది.

“ఇంకాస్త రానీవే” అన్నాను. నిజానికి హిందీ కాదు, ధైర్యం రాలేదు.

నిన్న జైపూర్ వెళ్ళే లారీ వచ్చింది. గులాబీలు దారిలో నాగపూర్‌లోనే దించాలి, చివర్లో ఎక్కించండని డ్రైవర్ హిందీలో మొత్తుకుంటున్నాడు. మా ఆయనకి హిందీ రాదు. రాదని చెప్పడం నామోషీ. “అచ్ఛా, అచ్ఛా” అని తలూపుతూ గులాబీలే ముందు ఎక్కించేస్తున్నారు. నోరు విప్పితే నాకంటూ మిగిలిన ఈ ఒక్కటీ పోతుంది. విప్పకపోతే, నేను పెంచిన మొక్కల్ని నాగపూర్‌లో మిగతా సరుకు వెనకనుంచి లాగుతారు. కొమ్మలు విరిగిపోతాయి.

వెళ్ళి డ్రైవర్‌తో మాట్లాడాను. తడబడ్డాను. ఆ పెద్దాయన నవ్వలేదు, మాట అందించలేదు. నేను మాట వెతుక్కునేదాకా ఊరికే నిలబడ్డాడు. నా మాట పూర్తయ్యేదాకా ఒకరు ఆగి ఎన్నాళ్ళయిందో.

గులాబీలు దించి, మళ్ళీ చివర్లో ఎక్కించారు. లారీ కదిలాక మా ఆయన ఒకటే సంబరం.

“ఓసి నీ దుంపతెగ! ఎప్పుడు నేర్చావే? ఎలాగూ వచ్చుగా, రేపట్నించి ఫోన్లన్నీ నువ్వే చూసెయ్. వంటయ్యాకేలే.”

“రేపట్నించి రూబీ వాళ్ళ ఆఫీసుకి వెళ్తున్నానండి. అక్కడా ఇదే పని. జీతమిస్తారు.”

ఆయన మొహం చిన్నబోయింది. ఎందుకని ఒక్క మాట అడిగితే ఆగిపోయేదాన్నేమో. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

“మరి మన ఫోన్లెవరు చూస్తారు?” అన్నారు.