ఫ్రిజ్‌లో ఎంగిలి

"గిదేంది పిల్లా? తండా పోరగాండ్ల ఉమ్మి తెచ్చి పెరుగు పక్కన పెడ్తవా?"

అత్త లీలావతి కేక విని అరుంధతి వంటింట్లోకి పరుగెత్తింది. అప్పటికే ఫ్రిజ్ ఖాళీ. పిల్లల ఉమ్మి పట్టిన గాజు గొట్టాలన్నీ పెరట్లో, మే నెల ఎండలో పడున్నాయి. తీసి చూస్తే కాలుతున్నాయి. ఇక పనికిరావు.

రేపటికల్లా అవి హైదరాబాద్ చేరకపోతే ఈ పరిశోధన ఇంకొకరికి పోతుంది. పీహెచ్‌డీ గైడు సరోజన మేడం మాట అది. హాస్టల్‌లో ఉండి పరీక్షలు నువ్వే చేయమని ఆమె పిలిచిన ప్రతిసారీ, "ఇంట్లో అడిగి చెప్తా" అనడమే అరుంధతికి అలవాటైంది.

తండాలో జమ్లీ బిడ్డ గోరీకి పోలియో చుక్కలు వేశారు. అయినా కాలు చచ్చుబడింది. చుక్కలు పడ్డాక రోగాన్ని నోట్లోనే, పేగుల్లోనే ఆపే కాపలా పుట్టాలి. మన పిల్లల్లో అది పుడుతోందా? ఉమ్మిని పరీక్షిస్తే తెలుస్తుంది.

భర్త చంద్రమౌళి మిర్చి దుకాణం నుంచి వచ్చి, తిని, చెయ్యి కడుక్కున్నాడు.

"అమ్మ పద్ధతి నీకు తెల్వదా? కాలేజీల నౌకరి ఉండంగ గీ ఉమ్మి చదువెందుకు? తిను ముందు."

కంచం ఆమె వైపు జరిపాడు. నమిలిన ములక్కాడ పిప్పి, పప్పు కలిపిన నాలుగు మెతుకులు. పెళ్లయిన నాటి నుంచి ఆమె అన్నం తినేది అందులోనే. తన కోడలు ఎంత పద్ధతి గలదో అత్త మహబూబాబాద్ బజారంతా చెప్పుకుంటుంది.

"అత్తమ్మా, పిల్లల ఉమ్మి ఎంగిలైతే, మరి గిదేంది?"

"మొగనిది ప్రసాదమే!"

అరుంధతి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి భర్తకు అందించింది. "తాగండి."

చంద్రమౌళి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆలోచించి కాదు, నిప్పు తగిలినట్టు. ఆమెకు కోపం రాలేదు. పరీక్ష ఫలితం చేతికొచ్చినట్టు అనిపించింది, అంతే. థర్మాస్, ఖాళీ గొట్టాలు, ఉమ్మి తీసే దూది తీసుకుని గడప దాటింది.

తండాలో నేరుగా జమ్లీ ఇంటికి పోయింది. "పాడైనయి జమ్లీ. మళ్ల కావాలె."

"ఎట్ల?"

"మా ఇంట్ల పారేసిన్రు."

జమ్లీ పకపకా నవ్వింది. "బంగారం అడిగినవా అక్కా? ఉమ్మే గద! ఓ పోరగాండ్లూ, రాండ్రి! మస్తుగ ఊంచుండ్రి, ఇయ్యాల ఎవ్వలు కొట్టరు!"

ఒకడు నోట్లో పెట్టిన దూది కొరికేశాడు. ఇంకొకతె గురి తప్పి అరుంధతి చీర మీదే ఊసింది. ఎన్నాళ్లకో ఆమె గట్టిగా నవ్వింది. సోడా దుకాణంలో మంచు కొని థర్మాస్ నింపింది. ఇంటి మలుపు దగ్గర ఆగలేదు, నేరుగా స్టేషన్‌కు నడిచింది.

బండి కదలబోతుండగా చంద్రమౌళి ప్లాట్‌ఫారం మీదకు ఉరుక్కుంటూ వచ్చాడు.

"గీ పని ఎవనికన్న ఇచ్చి పంపరాదు? నువ్వే పోవాల్నా?"

"పోవాలె. పరీక్షలు నేనే చేస్త. మేడం దగ్గర్నే ఉంట."

"పరేషాన్ చెయ్యకు! మళ్ల ఎప్పుడొస్తవు?"

"వచ్చే నెల," అంది అరుంధతి, థర్మాస్ ఒళ్లో సర్దుకుంటూ. "తండాకు."