వెల్లకిలా అంటించిన పెళ్లికూతురు

నేను ఒక చెర్రీ చెక్క పలకను. జపాన్‌లోని కనజావా ఊళ్లో కికుయే అనే చిత్రకారిణి చేతిలో పడ్డాను. బొమ్మ గీయడం, దాన్ని నా మీద చెక్కడం, సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం, అన్నీ ఆవిడే. ఇంకొకరి చెయ్యి పడితే ఒప్పుకునేది కాదు. అంత గట్టి మనిషీ అక్క కూతురు తమాకి పెళ్లి అనేసరికి మెత్తబడిపోయింది.

అతిథులకు పంచడానికి కిమోనోలో ఉన్న పెళ్లికూతురి బొమ్మ గీసింది. పల్చటి కాగితం మీద గీసిన బొమ్మను పలక మీద బోర్లా అంటించాలి. అప్పుడే అచ్చులో కుడి ఎడమలు తారుమారు కాకుండా సరిగ్గా వస్తుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే. అలాంటిది, సంతోషంలో పాట పాడుకుంటూ వెల్లకిలా అంటించేసింది. కాగితంతో సహా చెక్కేసింది కూడా. చెబుదామంటే నాకు నోరు లేదాయె.

మొదటి అచ్చు ఎత్తి చూసి కూలబడిపోయింది. కిమోనో కుడి అంచు ఎడమ అంచు మీదికి వచ్చింది. అక్కడ బతికున్నవాళ్లు ఎడమ అంచునే పైకి వేసుకుంటారు. కుడి అంచు పైకి కట్టేది శవానికి.

"పెళ్లికూతురికి చావు కట్టు కట్టానే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అసలు బొమ్మ ఉలి కింద ముక్కలైపోయింది. ఇంకో పలక లేదు. మళ్లీ గీసి చెక్కే వ్యవధీ లేదు, పెళ్లేమో ముంచుకొచ్చింది.

అంతలో తమాకి వచ్చింది. అచ్చు చూసి నవ్వేసింది.

"బాగానే ఉంది పిన్నీ. పొద్దున పెళ్లి కిమోనో కట్టి చూసుకున్నాను. అద్దంలో అచ్చం ఇలాగే ఉన్నాను."

కికుయే ఏడుపు ఆపి అమ్మాయినీ అచ్చునూ మార్చి మార్చి చూసింది. వెంటనే ఉలి అందుకుంది. నన్ను తిప్పి, ఖాళీగా ఉన్న నా వీపు మీద గుండ్రటి అద్దం చట్రం చెక్కింది. ఒకే కాగితం మీద నా ముందువైపు నుంచి నల్లసిరాతో అమ్మాయి, నా వీపు నుంచి ఎర్రరంగుతో చట్రం పడ్డాయి. పెళ్లికూతురు అద్దంలో చూసుకుని మురిసిపోతున్నట్టు వచ్చింది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

పెళ్లిలో అందరూ ఎంత కొత్త ఆలోచన అని మెచ్చుకున్నారు. "ఏదో, అలా తోచింది" అని ఆవిడ వినయంగా తల వంచుకుంది.

అచ్చులన్నీ అయ్యాక పలకను చిత్రిక పట్టి, చెక్కిన బొమ్మంతా తీసేసి మళ్లీ వాడుకుంటారు. కికుయే చిత్రిక బయటికి తీయగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తమాకి అడ్డుపడింది.

"ఈ పలక నాకిచ్చెయ్ పిన్నీ."

"సిరా మరకల చెక్క నీకెందుకే?"

"దీని మీద కిమోనో సరిగ్గానే కట్టావు కదా."

నిజమే. వెల్లకిలా అంటించిన పుణ్యమా అని, నా మీద మాత్రం అమ్మాయి ఎడమ అంచు పైకి వేసుకునే ఉంది. ఇప్పుడు తమాకి అద్దం పక్కనే నా కాపురం. కిమోనో కట్టుకున్నప్పుడల్లా ముందు అద్దంలో చూసుకుంటుంది. అంచు సరిపోయిందో లేదో చూసుకునేది మాత్రం నాలోనే.