ఒక్క తప్పు లేని వాక్యం

శ్రీరంజని స్కూటీ బయటికి జరపబోయి బ్రేకు నొక్కితే లివర్ వదులుగా వేలాడింది. కింద తీగను ఎవరో కోసేశారు. అరిగి తెగితే పోగులు పోగులుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది.

"అమ్మ బాబోయ్! మేడమ్ బ్రేకు కోసేసేర్రా!" అని రోజా అరిచింది.

క్లాసు అవగానే శ్రీరంజని ఈ బండి మీదే అనకాపల్లి వెళ్లాలి. అక్కడి కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. రోడ్డు నిండా గోవాడ చక్కెర మిల్లుకు వెళ్లే చెరకు ట్రాక్టర్లు.

రాత్రంతా గేటుకు తాళం ఉంది. పాల కోసం పొద్దున్నే తీసింది. ఆ తర్వాత లోపలికి వచ్చింది ఆమె దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే ముగ్గురే.

"ఎవరు ముందొచ్చారు?"

"ముగ్గురం ఒకేపాలి వచ్చేం మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్.

"అవున్ మేడమ్, గేటు కాడ కలిసేం," అంది రోజా.

మూడోవాడు గౌరీశంకర్. మెకానిక్ షెడ్డులో పని. నిన్న పాఠం చదవలేదని అందరి ముందూ తిట్టింది అతన్నే. అతని జేబులోంచి కటింగ్ ప్లేయర్ తొంగిచూస్తోంది.

"ఒరే గౌరీ, నువ్వేట్రా?" రోజా కళ్లు పెద్దవి చేసింది.

"పిచ్చేటే గుంటా నీకు? నేను కోసుంటే రెండు బ్రేకులూ కోసుందును. ఒకటొదిలేత్తానేటి?"

"కోసుంటే అంటన్నాడు, విన్నారా మేడమ్!" ఉదయ్ అందుకున్నాడు.

శ్రీరంజని పోలీసులకు చేద్దామని ఫోన్ తీసింది. గౌరీశంకర్ ముఖం పాలిపోయింది.

"కేసంటే మా ఓనరు షెడ్డులోకి రానివ్వడు మేడమ్. మా ఇల్లు నడిచేది దాని మీదే."

ఆమె వేలు ఆగింది. నిన్న తను చెప్పిన ఇఫ్, విష్ పాఠమే గుర్తొచ్చింది: జరిగినదానికి ఉల్టా ఊహించి చెప్పడం. 'కోసుంటే' అన్నవాడు కోయలేదనే చెబుతున్నాడు. కానీ ఆ మాట అబద్ధానికీ పనికొస్తుంది.

"కూర్చోండి. ఈ పొద్దుటి గురించి తలా ఒక విష్ చెప్పండి. ఇంగ్లీషులో."

"ఐ విష్ ఐ విల్ గో హోమ్," అంది రోజా.

"ఐ విష్ మేడమ్ విల్ బిలీవ్ మీ," అన్నాడు గౌరీశంకర్.

రెండూ తప్పే. ఇక ఉదయ్ వంతు. నిన్న విష్ పక్కన విల్ పెట్టి అందరికంటే ఎక్కువ తప్పులు చేసినవాడు. తెగిన తీగ వైపే చూస్తూ మెల్లగా అన్నాడు:

"ఐ విష్ ఐ హ్యాడ్ నాట్ కమ్ ఎర్లీ."

ఒక్క తప్పు లేదు. శ్రీరంజనికి అనుమానం వచ్చింది అక్కడే.

"హ్యాడ్ నాట్ ఎప్పుడు వాడాలన్నాను ఉదయ్?"

"అయిపోయిందానికి మేడమ్. అవకుండా ఉంటే బాగుణ్ణని..." మాట సగంలో ఆగిపోయింది.

"అంటే ముందే వచ్చావు. మరి ఒకేసారి వచ్చామన్నావే?"

"అవున్రోయ్! మేం వచ్చీసరికే గేటు కాడున్నావు గదేటి నువ్వు!" అంది రోజా.

గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు. ఉదయ్ తలెత్తలేదు.

"నేనే కోసేను మేడమ్. ఇంటికాడ్నుంచి ప్లేయర్ అట్టుకొచ్చేను. మీకా ఉజ్జోగం వచ్చేస్తే మా క్లాసు ఆగిపోద్ది. వచ్చే నెల వైజాగులో నాకు హోటల్ ఇంటర్వ్యూ. ఇంగ్లీషు రాపోతే మళ్లీ చెరకు కొట్టడానికే పోవాల. బండి స్టార్టవకుండా సేద్దామని సేతికందిన తీగ కోసేసేను. అది బ్రేకుదని రోజా అరిసేదాకా తెలీదు. బండి ఆగిపోవాలనుకున్నాను మేడమ్... ఆగకుండా సేసేసేను."