వంకర రోల్స్

అత్తగారు ఒంటిచేత్తో ఇల్లు నడిపిన దర్జీ. పక్షవాతం వచ్చి ఆ చెయ్యే పడిపోయింది. మాట పోలేదు, నడకా సర్దుకుంది. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి ఒళ్లో పెట్టినట్టు ఉండేది. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఆవిడ దాన్ని సోఫా కిందికి దొర్లించి, "బంతులాటలు ఆడుకునే వయసా నాది?" అంది.

కోడలు కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. దుకాణమే నయం, ఎవరికి ఏది కనపడదో వాళ్లే చెబుతారు. ఇంట్లో అత్తగారికి ఏం కావాలో ఊహించి అందించాలి. అందిస్తే "నేనడిగానా?" అని కసురుతుంది. తినిపించబోతే మొహం తిప్పుకుంటుంది. కోడలు వంటింట్లోకెళ్లి తన కోపమంతా గిన్నెల మీద చూపించేది.

సెలవు రోజున కోడలు గోధుమపిండితో బ్రెడ్ రోల్స్ చేస్తుంది. చిటికెడు మైదా కూడా కలపదు. ఆ ఉదయం గోరువెచ్చని పాలలో ఈస్టు వేసి, నురగ కట్టాక పిండిలో పోసి పిసకడం మొదలుపెట్టింది. పొట్టు తియ్యని పిండి కదా, బంకలా వేళ్లకు అంటుకుంటోంది. ఇంతలో ముందుగదిలో ఫోను మోగింది. బల్ల దగ్గర కూర్చున్న అత్తగారితో, "ఒక్క నిమిషం అత్తయ్యా," అని చేతులు తుడుచుకుంటూ వెళ్లింది.

రాంగ్ నంబరు. ఫోను పట్టుకునే తిరిగొచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పిండి మీద పెట్టింది. పైనుంచి నొక్కి ముందుకు తోసింది. పిండి మడిచి మళ్లీ తోసింది. పెదవిని పంటికింద బిగబట్టింది.

లోపలికి అడుగుపెడితే ఆపేస్తుందని కోడలికి తెలుసు. చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, ఎప్పుడో తెగిపోయిన ఫోను చెవికి పెట్టుకుని గట్టిగా మాట్లాడసాగింది. "అవునా వదినా! అయ్యో, తర్వాత?" మాటలు అయిపోతే లేని వదినకు లేని పిల్లల్ని పుట్టించి, వాళ్లకు జలుబు కూడా చేయించింది.

చాలాసేపటికి వంటింట్లోకొస్తే పిండి నున్నగా ఉంది.

"అంటుకుపోతోందని కాస్త కదిపాను," అంది అత్తగారు కిటికీకేసి చూస్తూ.

"మంచి పని చేశారు. వదిన ఓ పట్టాన వదల్లేదు."

"పిల్లలకు జలుబు తగ్గిందా?"

"తగ్గిందట."

"నీకసలు వదినే లేదు కదమ్మాయీ."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తగారే. ఆ నవ్వే ఉన్నట్టుండి ఏడుపైంది. "ఈ చెయ్యి నాది కాదే. ఎంత పిలిచినా పలకదు. నువ్వు తినిపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందుకే నీమీద అరుస్తాను."

కోడలు తడిబట్ట తెచ్చి ఆ వేళ్ల సందుల్లో పిండిని నెమ్మదిగా తుడిచింది.

పిండి బాగా పొంగాక ఇద్దరూ ఉండలు చేయడానికి కూర్చున్నారు. కోడలివి గుండ్రంగా వచ్చాయి. అత్తగారివి ఒకటి కోడిగుడ్డులా, ఒకటి చెప్పులా వచ్చాయి. సరిచేద్దామని చెయ్యి చాపబోయి కోడలు వెనక్కి తీసుకుంది. అన్నీ ఒకే పళ్లెంలో సర్ది, మరికాస్త పొంగనిచ్చి ఓవెన్లో పెట్టింది. కాసేపటికి ఇల్లంతా కమ్మటి వాసన.

భోజనాల దగ్గర అత్తగారి కొడుకు ఒక రోల్ ఎత్తి పట్టుకుని, "ఇదేంటి, దీనిమీద ఎవరైనా కూర్చున్నారా?" అన్నాడు.

"నేనే చేశాను. తిను," అంది తల్లి.

అతను తల్లి చేతికేసి చూశాడు, భార్యకేసి చూశాడు. వెన్నయినా రాసుకోకుండా మొత్తం తినేసి, ఇంకో వంకరది తీసుకున్నాడు.

ఆ తర్వాత పిండి పిసకడం అత్తగారి పనే అయింది. చెయ్యి పూర్తిగా రాలేదు. సూది పట్టేంత ఇక రాదేమో కూడా. కానీ వానలు మొదలయ్యేనాటికి గ్లాసు పట్టుకోగలిగింది, తల తనే దువ్వుకోగలిగింది. అయినా దుకాణానికి వెళ్లేముందు కోడలు దువ్వెన తీసుకొస్తే వద్దనేది కాదు.

"గట్టిగా లాగకు," అంటూ కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేది.